నిజం గావాల్నా, నిమ్మళం గావాల్నా

మొన్న హనుమకొండలో ఒక పెండ్లికి పోయాను. ఫంక్షన్ హాలు గుమ్మం పక్కన ఫొటోలు దిగడానికి ఒక మూలను ముస్తాబు చేశారు. ప్లాస్టిక్ పూల తీగలు, రెండు పాత లాంతర్లు, నడుమ ఎత్తు స్టూలు మీద పెద్ద ఇత్తడి బూర ఉన్న గ్రామఫోన్. జనం దాని పక్కన నిలబడి, చెవికి చెయ్యి ఆనించుకొని, పాట వింటున్నట్టు ఫొటోలు దిగుతున్నారు. నేను పోయి బూర దిక్కు చూడకుండా పెట్టెను ఒక పక్కకు ఎత్తి అడుగున చూశాను.

"సార్, ముట్టుకోవద్దు. యాంటిక్ పీసు అది," అన్నాడు మేనేజర్.

అడుగున నాలుగు స్క్రూలు. నాలుగింటి తలల మీదా ప్లస్ గుర్తులే. ప్లస్ స్క్రూ కనబడితే ఆ మిషన్ విలువ మైనస్ అని నాకు నేర్పిన మనిషికి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. పేరు దాకా వచ్చి ఆగిపోయాను. ఆయన పోయి రెండు నెలలు దాటింది. పేరు మాత్రం నా ఫోన్లో అట్లాగే ఉంది, 'మిషన్ల మామ' అని.

అసలు పేరుతో ఆయనను పిలిచినవాళ్లు బజార్లో ఎవరూ లేరు. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక సందులో కుట్టు మిషన్లు బాగు చేసే దుకాణం. దుకాణం అనడం మర్యాదకే. ఆయన కూర్చొని, గిరాకీ కూర్చుంటే, మూడో మనిషి బయట నిలబడే మాట్లాడాలి. రోజూ వచ్చేవి కుట్టు మిషన్లే. రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి ఎవరో ఒకరు బట్టలో చుట్టి బూర మిషన్ పట్టుకొచ్చేవారు, ఇది అసలుదా కాదా చెప్పమని. ఆ రోజు కుట్టు మిషన్లన్నీ పక్కకు జరిగేవి.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకు సన్నటి స్క్రూ డ్రైవర్ ఉండేది. ఒకసారి బ్యాంకులో సంతకం పెట్టమంటే పరధ్యానంలో దాన్నే తీసి ఫారం మీద ఆనించాడని చెప్పుకునేవారు. నిజమేనా అని అడిగితే, "ఆనించిన. గట్టిగనే తిప్పిన. ఫారం తెరుసుకోలె," అనేవాడు.

బూర మిషన్ వచ్చిందంటే ముందు లేచి సందు చివర నల్లా దగ్గరికి పోయి చేతులు కడుక్కునేవాడు. మొదట కిరసనాయిలు, తరువాత సబ్బు. తువ్వాలతో తుడుచుకునేవాడు కాదు, చేతులు రెండూ ముందుకు చాపి గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చేవాడు. "తువ్వాల నూనె అంటితె ఏలు అబద్ధం చెప్తది," అనేవాడు. మిషన్ తెచ్చినవాళ్లను కూడా వదిలేవాడు కాదు. వకీలు కానీ, డాక్టరు కానీ, నమస్తే అంటే ఆయన బదులు ఒకటే: "చేతులు కడుక్కోని రా."

కడుక్కొని వచ్చాక అడిగేవాడు.

"నిజం గావాల్నా, నిమ్మళం గావాల్నా?"

ఇది ఊరికే అడిగే మాట కాదు. నిమ్మళం కావాలన్నవాళ్ల మిషన్‌ను విప్పేవాడే కాదు. నాలుగు చుక్కల నూనె వేసి, పెట్టె పక్కనున్న చావి తిప్పి, ఒక పాట వినిపించి, మంచిగున్నది తీస్కపొమ్మనేవాడు. నిజం కావాలంటే మాత్రం బోర్లా వేసేవాడు. బూరను అసలు పట్టించుకునేవాడు కాదు. "బూర మొఖం అసొంటిది. పౌడరు ఎవలైనా కొట్టుకుంటరు. పొట్ట సూడాలె." స్క్రూ తలలో గోరు పెట్టి చూసేవాడు. పెట్టె లోపల ముక్కు పెట్టి వాసన చూసేవాడు. కొత్త కట్టెకు రంగు పూసి పాతది చేస్తే దానికి 'చాయ తాగిన కట్టె' అని పేరు పెట్టాడు. చివరకు చావి తిప్పుతూ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, దవాఖానలో డాక్టరు లాగా కళ్లు మూసుకునేవాడు. తీర్పు నోటితో చెప్పడు. గోడ క్యాలెండరు నుంచి పాత తారీఖు కాగితం ఒకటి చింపి, వెనుక ఒకటే మాట రాసి ఇచ్చేవాడు. అసలు అని. లేకుంటే నకలు అని.

ఆయన విప్పిన ప్రతి మిషన్ లోపల సూదితో మూడు చిన్న గీతలు గీసి, పక్కన సంవత్సరం వేసేవాడు. ఎందుకు మామా, సంతకం పెట్టరాదా అంటే, "సంతకం మనిషిది. గీతలు పనియి," అన్నాడు.

ఒకనాడు హనుమకొండ నుంచి ఒక వకీలు మెరిసిపోయే మిషన్ తెచ్చాడు. నిజమే కావాలన్నాడు. మామ అడుగు చూసి, అర నిమిషంలో చిట్టీ చేతిలో పెట్టాడు. వకీలుకు కోపం వచ్చింది. ఢిల్లీలో కొన్నానన్నాడు, సర్టిఫికెట్ ఉందన్నాడు, కోర్టులో వాదించినట్టే వాదించాడు. మామ అంతా విని, "వకీల్ సాబ్, మీరు వాదిస్తె మనిషి మారుతడేమో గని స్క్రూ మారది," అన్నాడు.

ఇంకొకసారి పాలకుర్తి నుంచి ఒక ముసలి పంతులు వచ్చాడు. నిమ్మళమే కావాలన్నాడు. మామ నూనె వేసి, పాట వినిపించి పంపాడు. ఆయన సందు దాటాక నేను ఆగలేక అడిగాను, అది అసలుదా అని. మామ నా దిక్కు తిరగలేదు. "నిమ్మళం తీస్కపోయినోని సంగతి బజార్ల పెట్టద్దు," అన్నాడు. తరువాత ఎన్నిసార్లు గుచ్చి అడిగినా చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాత సామాన్ల వ్యాపారులు అప్పుడప్పుడు హైదరాబాదు నుంచి వచ్చి బతిమాలేవారు, నీ చేతిలో పని ఉంది, పాత పెట్టెలు మేం తెస్తాం, బూరలు నువ్వు కట్టు అని. వాళ్లకు చాయ్ కూడా తెప్పించేవాడు కాదు. "నా చేతుల నకలు పుట్టది," అనేవాడు. ఈ మాట బజారుకంతా ఎరుక.

ఇంత దగ్గరగా నాకెట్లా తెలుసంటే, సందు మొగదల ఉన్నది మా ఇత్తడి సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మాది మూడు తరాల ఇత్తడి వ్యాపారం. మా తాత బంగారం లాంటి మనిషి, మా బాపు ఇత్తడి లాంటి మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి సత్తు. గిరాకీ వచ్చినప్పుడల్లా నేను మామ దుకాణంలో ఉండేవాణ్ని.

మా బాపుకు ఒక బూర మిషన్ ఉండేది. మా తాత నుంచి వచ్చింది. ఆదివారం పొద్దున కిందికి దించి, బట్టతో తుడిచి, పాట పెట్టేవాడు. చావి తిప్పే హక్కు ఇంట్లో మా అక్క ఒక్కదానికే. నేను చేయి పెడితే విరుగుతుందని నమ్మకం. ఆ నమ్మకం ఎందుకు కలిగిందో చెప్పడానికి ఇక్కడ చోటు చాలదు.

బాపు పోయాక నెల మాసికం రోజు పెద్దమనుషులు కూర్చొని ఎవరికేం కావాలని అడిగితే, మా అక్క రెండే అడిగింది. బాపు మిషన్, అమ్మ గంగాళం. అమ్మ అంతకు ముందే పోయింది. అమ్మ పెండ్లికి వాళ్ల పుట్టింటివాళ్లు పేరు కొట్టించి పెట్టిన నీళ్ల గంగాళం అది, చిన్నప్పుడు అక్కకు అందులో స్నానం పోసేవారట. ఇల్లంతా వెతికినా గంగాళం దొరకలేదు. ఇత్తడి సామాన్ల ఇంట్లో గంగాళం పోయిందంటే ఎవరు నమ్ముతారు. అక్క పరకాలకు, అత్తగారింటికి పోయేటప్పుడు మెట్ల కింద ఇంకోసారి వంగి చూసి పోయింది.

మంచి రోజులు లేవని మిషన్ ఆరు నెలలు నా దగ్గరే ఉండిపోయింది. పంపేటప్పుడు నాకొక తెలివి తట్టింది. అక్కకు పోయే సామాను నల్లగా పోవడమేంది అనిపించింది. మా దుకాణంలో ఇత్తడి ఏది బయటికి పోయినా చింతపండుతో తోమందే పోదు, అది మా నెత్తురులో ఉంది. బూర విప్పించి చింతపండు, ఉప్పు పెట్టి పొద్దంతా తోమించాను. అద్దంలాగా అయింది. అందులో నా ముఖం చూసుకొని మురిసిపోయాను కూడా. నా ముఖం అంత పెద్దగా కనబడినప్పుడైనా ఏదో తప్పు చేశానని అనుమానం రావాల్సింది.

నాలుగు నెలలు గడిచాయి. బాపు సంవత్సరీకం రెండు వారాలు ఉందనగా అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, ఒక మాట అడుగుత. బాపు బూర ఏడున్నది?"

"నీ ఇంట్లనే ఉన్నది గదా అక్కా."

"నా ఇంట్లున్నది బాపుది గాదు."

వాళ్ల అల్లుడు దాని ఫొటో తీసి హైదరాబాదులో పాత సామాన్లు చూసే ఒకాయనకు పంపాడట. ఈ బూర కంపెనీది కాదు, ఎవరో మార్చారు అన్నాడట ఆయన.

"ఫొటో సూసి ఎట్ల చెప్తడక్కా?"

"నేను గూడ గట్లనే అనుకున్న. మరి గింత తళతళ ఎప్పుడున్నది బాపు బూర? ఆర్నెల్లు నీ కాడ ఉన్నది. తాళంచెవి నీ కాడ ఉన్నది. గంగాళం గూడ నీ కాడనే మాయమైంది. నేనేమనుకోవాలె?"

నేనేదో అనబోయాను. అక్క ఆగలేదు.

"ఇది తేలకుంట సంవత్సరీకానికి నేను రాను. బాపు ఫొటో ముందు నీ పక్కపొంటి నిలవడి దండం పెట్టుడు నాతోని గాదు."

మా అక్క కోపం వస్తే అరుస్తుంది. ఆ రోజు అరవలేదు. అందుకే నాకు భయమేసింది. కానీ తప్పు చేయలేదన్న ధైర్యం ఒకటి ఉంది కదా, ఆ ధైర్యంతో నేనే అన్నాను, "మిషన్ల మామకు చూపిద్దాం అక్కా. ఆయన చిట్టీ రాసిస్తే ఒప్పుకుంటవా?"

"ఆయన రాస్తె ఒప్పుకుంట," అంది.

రెండు రోజులకు పరకాల నుంచి కారు మాట్లాడుకొని వచ్చింది. పెట్టెను డ్రైవరు పట్టుకొచ్చాడు. బూరను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకొని తనే తెచ్చింది. నేను అందుకోబోతే పక్కకు తిప్పుకుంది.

మామ అప్పటికే కుట్టు మిషన్లు పక్కకు జరిపి పెట్టాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు కడుక్కొని వచ్చాడు. కూర్చున్నాడు. చీర మూటను చూశాడు. మళ్లీ లేచి పోయి కడుక్కొని వచ్చాడు. ఆయన మాకు చేతులు కడుక్కొమ్మని చెప్పలేదని నాకు అప్పుడు తట్టలేదు.

"బిడ్డా, నిమ్మళం తీస్కపో," అన్నాడు అక్కతో.

"నువ్వు అడుగనే లేదు మామా. అడుగక ముందుకే నిమ్మళం ఇస్తానవేంది?"

"పెద్దమనిషిని, చెప్తాన. నూనె ఏస్త. పాట విను. పో."

అక్క నా దిక్కు చూసింది, మళ్లీ ఆయన దిక్కు చూసింది. "మీరిద్దరు ఒక్క సందోల్లు. నాకెరుక. అయినా నువ్వు తప్పు రాయవని అందరు చెప్తరు, అందుకే వచ్చిన. నాకు నిజం గావాలె."

"నీకు తమ్మీ?" అని నన్ను అడిగాడు మామ.

"నిజమే మామా," అన్నాను. ఛాతీ కొంచెం ముందుకు పెట్టే అన్నాను.

మామ పెట్టెను బోర్లా వేశాడు. నాలుగు స్క్రూలు, నాలుగూ ఒకే గాడి ఉన్నవి. గోరు పెట్టి చూసి, "పాతయే," అన్నాడు. మూత తీసి ముక్కు పెట్టాడు. "కట్టె పాతది." చావి తిప్పాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. స్ప్రింగు బిగుసుకుంటున్న చప్పుడు విన్నాడు. "లోపల అంత అసలే," అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ముగ్గురికి చాయ్ చెప్పాను. అక్క ముఖం మెత్తబడింది కానీ మూట విప్పలేదు. మామ కూడా విప్పలేదు. క్యాలెండరు దిక్కు చెయ్యి చాపాడు.

"బూర సూడవా మామా?" అంది అక్క.

"బూర మొఖం అసొంటిది బిడ్డా. నేను మొఖాలు సూడను."

"నాకు మొఖమే గావాలె," అంది అక్క. మూట విప్పి బూరను ఆయన ముందు నిలబెట్టింది.

సందులో ఎండ తక్కువ. ఆ తక్కువ ఎండలో కూడా అది ధగధగమంది. మామ కళ్లు చిన్నవి చేసుకున్నాడు.

"ఎవలు తోమిండ్రు?"

"నేనే మామా. చింతపండు పెట్టి."

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. చింతపండు పెట్టి తోమించినవాడికి మిగిలింది చింతే అని నాకు ఆ చూపులోనే తెలిసింది. బూరను రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. అంచు మీద గోటితో కొట్టాడు. కొట్టకముందే ఆయనకు తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది.

"బూర నకలు," అన్నాడు. నోటితోనే అన్నాడు.

చాయ్ వచ్చింది. ఎవరూ తీసుకోలేదు. అక్క లేచి చీరను మడతలు పెట్టడం మొదలుపెట్టింది. అంచుకు అంచు కలిపి, కొలిచినట్టుగా, నా దిక్కు ఒక్కసారి కూడా చూడకుండా.  ఆ క్షణంలో నేనే మార్చానేమో, మార్చి మరిచిపోయానేమో అనిపించింది. నా మీద నాకే అంత నమ్మకం.

"కూసో బిడ్డా," అన్నాడు మామ. "చిట్టీ రాయలె ఇంక."

జేబులోంచి స్క్రూ డ్రైవర్ తీశాడు. బూర మెడ పెట్టెకు కలిసే చోట ఒక లావు ఉంగరం ఉంది. దాని స్క్రూలో మొన పెట్టాడు. పెట్టి ఆగిపోయాడు. ఇరవై ఏండ్లలో ఆయన మొన జారడం నేనెన్నడూ చూడలేదు. మొన ఒకసారి జారి ఇత్తడి మీద గీత పడింది. రెండోసారి తిప్పితే స్క్రూ వచ్చింది. ఉంగరం తీసి, బూర మెడను అక్క దిక్కు తిప్పాడు.

మెడ మీద మూడు చిన్న గీతలు. పక్కన సంవత్సరం. ఇరవై రెండేండ్ల కిందటిది.

"ఈ గీతలు ఎవలియో మీ తమ్మునికి ఎరుక," అన్నాడు. "ఇయ్యి బాగు చేసినప్పటియి గావు. చేసినప్పటియి. నా చేతుల నకలు పుట్టది అని బజారంత చెప్పుకున్న. పుట్టింది. గీ ఒక్కటి."

అక్క కూర్చుంది.

ఆయన చెప్పింది ఇది. ఆ ఏడు దసరా ముందు మా ఇంటికి సున్నాలు వేసేటప్పుడు పైసామానంతా కిందికి దించారు. బూర మీద సున్నం చుక్కలు పడతాయని బాపు దాన్ని విప్పి, గోనె సంచిలో చుట్టి మెట్ల కింద పెట్టాడు. మా దుకాణంలో పాత ఇత్తడి తీసుకొని కొత్తది ఇస్తాం. వచ్చిన పాత సామాను గోనె సంచుల్లోనే కట్టి అదే మెట్ల కింద పెడతాం, ఇత్తడి కరిగించే బట్టీ బండి వచ్చి తీసుకుపోతుంది. ఆ రోజు బండి వచ్చింది. పోయింది.

"మీ బాపు తెల్లారి బట్టీ కాడికి ఉరికిండు. అప్పటికే కరిగింది. నా కాడికి వచ్చి గక్కడ కూసున్నడు, నువ్వు కూసున్న జాగల. బతుకమ్మకు పొల్ల వస్తది, రాంగనే చావి తిప్పుతది, ఏమని చెప్పాలె అన్నడు. నిజం చెప్పరాదు అన్న. నాకు నిజం వద్దు, నిమ్మళం గావాలె అన్నడు. నా జిందగీల నిమ్మళం అడిగినోనికి నూనె ఏసి ఇచ్చిన గని, బూర చేసి ఇచ్చింది ఆయనకే."

పెంబర్తి నుంచి ఒక ఇత్తడి పనివాణ్ని పిలిపించి, వారం రోజులు కూర్చొని రేకు రేకు సాగగొట్టి చేశారట. కొత్త రేకుతో చేస్తే మెరుపు పట్టిస్తుంది, పాత ఇత్తడి కావాలన్నాడట మామ. పాత ఇత్తడి అంతా బండిలో పోయింది.

"మీ అమ్మ తెచ్చిచ్చింది," అన్నాడు. మెడను ఇంకొంచెం తిప్పాడు.

గీతల వెనుక వైపు చుక్కలు చుక్కలుగా అక్షరాలు. గిన్నెల మీద పేర్లు కొట్టే మొనతో కొట్టినవి, పాతకాలపు గుండ్రటి రాత. గంగాళం మీద కొట్టించిన అమ్మ పేరులో మొదటి మూడక్షరాలు. నాలుగోది కత్తెరకు పోయింది.

"గీకేద్దామంటె మీ బాపు వద్దన్నడు. ఉంగరం కింద దాసిపెడుదామన్నడు."

అక్క వేలు ఆ చుక్కల మీద పెట్టి, చూపులేని మనిషి తడిమినట్టు తడిమింది. తరువాత మెల్లగా అడిగింది. "ఆ బండిల బూర సంచిని ఎవలు ఏసిండ్రు మామా?"

మామ చాయ్ గ్లాసు అందుకున్నాడు. చల్లారిన చాయ్ ఒక గుటక తాగాడు. "అది మీ బాపు చెప్పద్దన్న మాట," అన్నాడు. "నాది నేను చెప్పుకున్న. అది నాది గాదు."

అక్కడితో ఆగినా అయిపోయేది. అక్కకు నా మీద అనుమానం పోయింది. చిట్టీ రాస్తే పరకాల కారెక్కి పోతుంది. సంవత్సరీకానికి వస్తుంది. కానీ నాకు ఆ దసరా ముందు రోజు కళ్ల ముందుకు వచ్చింది. దుకాణంలో కొత్తగా కూర్చున్న రోజులు. నాలుగు సంచులు అనుకున్నవి ఐదు అయ్యాయి. ఈసారి పాత సామాను బాగా వచ్చిందని సంబురపడి, ఐదో సంచిని నేనే భుజం మీద పెట్టుకొని బండిలో వేశాను. తేలికగా ఉందని కూడా అనుకున్నాను.

మామ నన్ను చూస్తున్నాడు. నా ముఖం చదివాడు. గొంతు తగ్గించి, అక్కకు వినబడనట్టు, ఇరవై ఏండ్ల స్నేహంలో మొదటిసారి నన్నొక్కణ్నే అడిగాడు.

"తమ్మీ, నిజం గావాల్నా, నిమ్మళం గావాల్నా?"

నాకు నిమ్మళమే కావాలనిపించింది. అబద్ధం ఎందుకు. పాలకుర్తి పంతులు మీద అంతకు ముందెన్నడూ లేని గౌరవం కలిగింది. బాపు ఇరవై ఏండ్లు నన్ను ఒక్క మాట అనలేదు. బతుకమ్మకు వచ్చిన అక్క చావి తిప్పి, బూర గొంతు మారింది బాపూ అంటే, అత్తగారింటికి పోయినంక నీ చెవి మారింది బిడ్డా అని నవ్వాడు. నేనూ పక్కన నిలబడి నవ్వాను. ఇరవై ఏండ్లు ఇత్తడి అమ్మినవాణ్ని, ఇంట్లో ఇత్తడి మారితే గుర్తుపట్టలేదు. ఆ మనిషి అంత కష్టపడి దాచిపెట్టిన పాత రంగును చింతపండు పెట్టి నేనే కడిగేశాను.

"నేనే ఏసిన అక్కా. నాలుగనుకున్న సంచులు ఐదైనయి. ఐదోది నేనే మోసిన," అన్నాను.

సందులో ఎవరిదో బండి హారన్ కొట్టి పోయింది. అక్క చుక్కల మీదనుంచి వేలు తీయలేదు.

"నాలుగు సంచులు ఐదెట్లయినయని సోయి లేదా నీకు?"

"సంబురపడ్డ."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. మామ దిక్కు తిరిగింది. "చిట్టీ రాయి మామా."

"ఇంకేం చిట్టీ బిడ్డా."

"రాస్తనన్నవు. రాయి."

మామ క్యాలెండరు కాగితం చింపాడు. పెన్ను లేదు, నాది ఇచ్చాను. పెద్ద అక్షరాలతో రాశాడు: 'పెట్టె అసలు. బూర నకలు. చేసినోన్ని నేనే.' అమ్మ పేరు ఉంది కదా, నకలు అని రాయకుంటే ఏం మామా అన్నాను. "పేరు అసలుదే. బూర నకలుదే. నేను పేర్లకు చిట్టీ రాయ," అన్నాడు. ఆ కాగితాన్ని అక్క మడిచి పర్సులో పెట్టుకుంది.

కారులో పెట్టమని నాకు పెట్టె అందించింది. బూర మాత్రం తన ఒళ్లోనే పెట్టుకుంది. "గిది నీ చేతికియ్య," అంది. అంతే అంది. సంవత్సరీకానికి ఒకరోజు ముందే వచ్చింది. బాపు ఫొటో ముందు నా పక్కనే నిలబడి దండం పెట్టింది. వంటవాళ్లు గిన్నెలు సర్దుతుంటే మాత్రం, "వీని చేతికి సంచులు ఇయ్యకుండ్రి," అని అందరికీ వినబడేలా చెప్పింది. ఇప్పటికీ ఎక్కడ నలుగురు కలిసినా చెబుతుంది.

మామ తరువాత మారాడని చెప్పలేను. చేతులు కడుక్కోవడం, కళ్లు మూసుకోవడం, క్యాలెండరు చింపడం, అన్నీ అట్లాగే. ఒక్కటే మారింది. వ్యాపారులెవరైనా వచ్చి, నీ చేతుల నకలు పుట్టదట కదా అంటే, "ఒకటి పుట్టింది. పరకాలల ఉంటది," అనేవాడు. ఆడబిడ్డ సంగతి చెప్పినట్టే చెప్పేవాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. ఆయన చిట్టీ మీద నమ్మకం తగ్గిందని అన్నవాళ్లు కొందరున్నారు. వకీలు అయితే దాన్ని పట్టుకొని మళ్లీ వచ్చి వాదించాడు. మామ అతని మిషన్‌ను మళ్లీ బోర్లా వేసి, మళ్లీ నకలు అనే రాసిచ్చాడు.

ఫంక్షన్ హాల్లో ఆయన నంబరు దగ్గర ఆగిన వేలు ఒక గీత కిందికి జరిగింది. అక్కకు ఫోన్ చేశాను. ప్లస్ స్క్రూల సంగతి చెప్పాను.

"నువ్వు ముట్టుకోకు," అంది వెంటనే. "నువ్వు ముట్టుకున్నది ఏది బాగుపడ్డది?"

"మేనేజర్ గూడ గదే అన్నడు."

 అక్క వెనుక ఎవరో పిలుస్తున్నారు, వస్తాన ఆగు అంటోంది. తరువాత అడిగింది. "మామ ఉంటె ఏమనేటోడు?"

"చేతులు కడుక్కోని రా అనేటోడు."

"మరి కడుక్కో," అంది, పెట్టేసింది.

మేనేజర్ ఇంకా నన్నే చూస్తున్నాడు. ఇది అసలుదేనా సార్, మీకు తెలిసినట్టుందే అన్నాడు. నాకు ఇత్తడి తోమడం తప్ప ఏమీ రాదన్నాను. భోజనాల హాలు బయట వాష్ బేసిన్ల దగ్గరికి పోయి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. పేపరు ఇవ్వబోయారు, వద్దన్నాను. చేతులు రెండూ ముందుకు చాపి, గాలికి ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.